మా బావ ఒళ్ళు విదిలించలేదు

మొన్న హోసూరులో మా చెల్లెలి ఇంట్లో భోజనానికి కూర్చున్నాం. బెంగళూరు కాలేజీలో కొత్తగా చేరిన దాని మనవడు, ముద్ద నోట్లో పెట్టుకోబోతూ ఆగి, చదువు ముగిసేదాకా తాను ఏ అమ్మాయి జోలికీ పోనని, ప్రేమ గీమ, ఆ తర్వాతవి ఏవీ తనకు వద్దని, బాగా ఆలోచించుకునే ఈ నిర్ణయానికి వచ్చానని చెప్పాడు. వాళ్ళమ్మ సరే నాన్నా అని బీన్స్ వేపుడు గిన్నె అటు జరిపింది. వాళ్ళ నాన్న ఫోనులోంచి తల ఎత్తి, మంచిదే అని, మళ్ళీ తల దించుకున్నాడు. అంతే. అన్నం మీద అన్నం పడింది, సాంబారు మీద నెయ్యి పడింది, మాట మాత్రం ఎక్కడా చప్పుడు లేకుండా ఆ ఇంట్లో ఇంకిపోయింది.

నాకు కడుపు మండింది. ఇంత పెద్ద మాట ఇంత చవగ్గా చెల్లిపోవడం నేను ఓర్చుకోలేకపోయాను. ఇదే మాట మా బావ అన్నప్పుడు ఊరు ఊరంతా పని మానుకుంది. రాగి చేలు, గొర్రెల మంద, అడివి ఏనుగులు, చివరికి మునేశ్వరస్వామి, ఎవ్వరూ తప్పించుకోలేకపోయారు. బల్లకు ఆ చివర కూర్చున్న మా బావ నారాయణప్ప వైపు చూశాను. ఆయన పెరుగన్నంలో ఏదో పోగొట్టుకున్నవాడిలా వెతుకుతున్నాడు. పక్కన నిలబడి వడ్డిస్తున్న మా చెల్లెలు రత్నమ్మ మాత్రం నా వైపే చూసి, మూతి బిగించుకుంది. నవ్వు ఆపుకునేటప్పుడు దాని మూతి అలాగే బిగుస్తుంది, పుట్టినప్పటినుంచీ.

మా ఇల్లు డెంకణికోట నుంచి తళి వైపు పోయే దారిలో, మిట్ట మీద ఉండేది. ఇల్లు అనడం మర్యాదకు. గొర్రెల దొడ్డికి ఒక పక్క గోడలు లేపి, పైన పెంకులు పరిచి, మేము కూడా ఉండేవాళ్ళం. తెల్లవారితే తడిసిన ఉన్ని వాసన, పెంటికల వాసన, వాటి మీదుగా రాగిముద్ద ఆవిరి. మూడూ కలిసినదాన్నే నేను చాలాకాలం పొద్దు వాసన అనుకున్నాను. మా అవ్వ, అంటే మా నాయనను కన్న తల్లి, నల్ల కంబళి భుజాన వేసుకుని దొడ్డిలోకి దిగి ఒక్కొక్క గొర్రెపిల్ల మూతి పట్టుకుని వాసన చూసేది. వాసనను బట్టి దానికి జ్వరమో, అజీర్ణమో చెప్పేసేది. దొడ్డి అయ్యాక మా వంతు. సినిమాకు పోయి వచ్చినా, బీడీ కాల్చి వచ్చినా ఆ ముక్కు ముందు దాగేది కాదు. ఆమె నన్ను వాసన చూసి గొర్రెపిల్లలకంటే ఎక్కువ జబ్బులు కనిపెట్టింది.

నేను ఏడో తరగతిలో బడి వదిలేశాను. బడే నన్ను వదిలించుకుందని మా బావ అంటాడు. ఏదైతేనేం, విడిపోయేటప్పుడు ఇద్దరిలో ఎవ్వరూ ఏడవలేదు. బావ మా మేనత్త కొడుకు. ఆయన ఉయ్యాల్లో ఉండగానే తండ్రి పోతే అత్త పుట్టింటికి వచ్చేసింది, అందువల్ల ఆయన మా ఇంట్లోనే పెరిగాడు. మా నాయన పాత చొక్కాలు కత్తిరించి కుట్టినవి తొడుక్కున్నాడు. నేను విరగ్గొట్టిన పలక మీద రాసుకున్నాడు. రత్నమ్మ ఆయనకని ఇంట్లో పెద్దలు ఎప్పుడో అనుకున్నారు. చిన్నప్పుడు గొర్రెల వెంట తిరగడంతో బడికి ఆలస్యంగా చేరాడు, ఆ మీదట ఇంగ్లీషులో రెండుసార్లు తప్పాడు. ఆయన పరీక్ష తప్పినప్పుడల్లా పెళ్ళి ముహూర్తమూ తప్పేది. అలా కృష్ణగిరి కాలేజీలో కాలు పెట్టేసరికి ఆయనకు ఇరవై ఒకటి, రత్నమ్మకు పంతొమ్మిది. ఇక ఆగేది లేదని, ఆ వచ్చే ఎండాకాలం సెలవుల్లోనే పెళ్ళి చేసెయ్యాలని అవ్వ తేల్చేసింది.

హాస్టలులో సేలం నుంచి వచ్చిన ఒక పెద్ద విద్యార్థి ఉండేవాడట. తెల్లవారకముందే నలుగురు కుర్రాళ్ళను లేపి, బావి దగ్గర చన్నీళ్ళు పోయించి, దండీలు తీయించి, మనసును మగవాడు ఎలా గుప్పిట్లో పెట్టుకోవాలో చెప్పేవాడట. మా బావకు ఆ మాటలు బాగా ఎక్కాయి. ఒక శనివారం బస్సు దిగి, తల దగ్గరగా కత్తిరించుకుని, ఉల్లిపాయ వద్దని పక్కన పెట్టి, ముద్ద ముందు కూర్చుని చెప్పాడు, డిగ్రీ ముగిసేదాకా బ్రహ్మచర్యం పాటిస్తానని. మా నాయన అది కొత్తగా పెట్టిన పాఠం అనుకుని, దానికి ట్యూషన్ ఏమైనా కావాలా అని అడిగాడు. బావ చెవులు ఎర్రబడ్డాయి. పెళ్ళి, ఆడమనిషి, అలాంటి తలపు, మూడూ డిగ్రీ అయ్యేదాకా లేవని, గోడ వైపు తిరిగి విడమరచి చెప్పాడు. గోడకు అటువైపు రత్నమ్మ రాగులు విసురుతోంది. తిరగలి ఒక్క క్షణం ఆగి, మళ్ళీ తిరిగింది.

అత్త గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. అవ్వ మాత్రం తొణకలేదు. దగ్గరికి వచ్చి బావ మూతి పట్టుకుని వాసన చూసి, నిదానంగా అడిగింది.

"ఏ దేవునికి మొక్కుకున్నావు నాయనా?"

"ఏ దేవునికీ కాదవ్వా. నాకోసరమే."

అవ్వ నవ్వి తల ఊపింది. తనకోసం తాను ఆడమనిషికి దూరంగా ఉండే మగవాణ్ణి ఆమె తన బతుకులో చూడలేదు. దేవునికోసం ఉన్నవాళ్ళను చూసింది. దేవుని పేరు బయటపెట్టకూడదన్నది కూడా ఆమెకు తెలుసు. కాబట్టి బావ కాదన్నకొద్దీ ఆమెకు నమ్మకం గట్టిపడింది. మునేశ్వరుడే పిలిచినాడు, పిల్లోడు చెప్పకూడదు, మీరు అడగకూడదు అని ఇంటిల్లిపాదికీ ఆర్డరు వేసింది.

ఇక్కడ మా వాళ్ళ మొక్కుబడి పొట్టేలు సంగతి చెప్పాలి. మందలో ఒక మంచి పొట్టేలును మునేశ్వరునికని అనుకుంటే, ఆ రోజునుంచి దాని దర్జా వేరు. దాన్ని కట్టకూడదు, కొట్టకూడదు. ఉన్ని కత్తిరించకూడదు. ఎవరి చేలో పడి మేసినా తోలకూడదు, అది మేసిన చేను బాగా పండుతుందని నమ్మకం. ఆడగొర్రెల దగ్గరికి పోనివ్వకూడదు, అందుకని దాని పొట్ట కింద గోనెపట్ట ముక్క ఒకటి వేలాడగట్టేవాళ్ళు. జాతరనాడు గుడి ముందు నిలబెట్టి పసుపునీళ్ళు పోస్తారు. అది ఒళ్ళు జల్లుమని విదిలిస్తే స్వామి ఒప్పుకున్నట్టు, ఆ మధ్యాహ్నానికి కూర అవుతుంది. ఎన్ని చెంబులు పోసినా విదిలించకపోతే స్వామికి అక్కరలేదని అర్థం. మళ్ళీ మందలోకి తోలేస్తారు, ఆ పైన అది మామూలు పొట్టేలే. అవ్వ దృష్టిలో మా బావ ఆ శనివారం నుంచి రెండు కాళ్ళ మొక్కుబడి పొట్టేలు.

ఆదివారం పొద్దున్నే నేను బావమరిది ధర్మం నెరవేర్చాను. శుభ్రంగా ఉతికిన గోనెపట్ట ముక్కకు రెండు పక్కలా తాళ్ళు కుట్టి, పళ్ళెంలో పెట్టి, నడుముకు సరిపోతుందేమో చూసుకో బావా అని ముందు పెట్టాను. ఆయన కోప్పడలేదు. దాన్ని తీసుకుని, నేల మీద పరిచి, కాళ్ళు చల్లబడకుండా దానిమీద పెట్టుకుని చదువుకోసాగాడు. ఆ మూడేళ్ళ కాలేజీ చదువంతా ఆ గోనెపట్ట మీదనే సాగింది.

ఇంటి పద్ధతులు మారిపోయాయి. శనివారం బావ బస్సు దిగే వేళకు ఆడవాళ్ళంతా పెరట్లోకి పోవాలి. ఆయనకు వేరే చెంబు, వేరే ఆకు. ముద్ద పెట్టడానికి అత్త కూడా ముఖం పక్కకు తిప్పుకుని, చేయి మాత్రం చాచి పెట్టేది. గురి తప్పి రెండుసార్లు చారు ఆయన ఒళ్ళో పోసింది. పని చెప్పకూడదు, కట్టెలు మోయనివ్వకూడదు. ఊళ్ళోవాళ్ళు ఊరుకుంటారా. తన అవరె చిక్కుడు చేలో రెండు కాయలు కొరికి పొమ్మని ఒకడు, తన టమాటా తోటలో అడ్డంగా నడిచిపొమ్మని ఇంకొకడు. వద్దంటే వాళ్ళ చేను మీద స్వామికి కోపం అనుకుంటారని మా బావ కొరికినంత కొరికి, నడిచినంత నడిచేవాడు. నాలుక కట్టుకోవాలని సేలం అన్న నేర్పితే, ఊరంతా కలిసి నాలుక మీద ముద్దలు పెట్టింది. దీపావళికల్లా మా బావ చొక్కా గుండీలు కలవడం మానేశాయి. అడివి అంచున చేను ఉన్న ఒకాయన, తన రాగి మీదికి ఏనుగులు రాకుండా సాయంత్రం కాసేపు గట్టున కూర్చోమని బతిమాలితే పోయి కూర్చున్నాడు. ఆయన లేచి వచ్చాక ఏనుగులు తీరిగ్గా వచ్చి చేను తొక్కి పోయాయి. ఊళ్ళో ఎవ్వరూ బావను అనలేదు. ఏనుగులకే భక్తి లేదన్నారు.

అన్నిటికంటే ఎక్కువ తిప్పలు జుట్టుతో వచ్చాయి. మొక్కుబడి పొట్టేలు ఉన్ని కత్తిరించకూడదు కదా. మా ఊరి మంగలే కాదు, డెంకణికోట మంగలి కూడా కబురు అందుకుని కత్తెర దాచిపెట్టాడు. కృష్ణగిరిలో కత్తిరించుకుని వస్తే అవ్వ పస్తు పడుకుంది. దాంతో బావ ఇక వదిలేశాడు. చెవులు మునిగాయి, మెడ మునిగింది, ముందు జుట్టు వంకీలు తిరిగి కళ్ళమీద పడింది. బొద్దుగా మెరిసే బుగ్గలు, మా నాయన కుట్టించి ఇచ్చిన బెల్‌బాటం ప్యాంటు. అప్పట్లో హోసూరు గోడల మీద అంటించే సినిమా హీరోలు అచ్చం అలాగే ఉండేవాళ్ళు. ఆడవాళ్ళ తలపు వద్దనుకున్న మనిషి బస్సెక్కితే ఆడపిల్లలు ఒకరినొకరు మోచేత్తో పొడుచుకునేవాళ్ళట. సేలం అన్న ఒకరోజు బావి దగ్గర ఆయన్ని ఎగాదిగా చూసి, షోకు చేసుకునేవాడికి ఈ మార్గం పనికిరాదని జట్టులోంచి తీసేశాడు. ఇంట్లో దేవుని మనిషి, కాలేజీలో రోమియో. తాను నిజంగా ఏమిటో తెలిసినవాడు ఆయనొక్కడే. అయినా మానలేదు. తెల్లవారకముందే లేచి ఒంటరిగా బావి దగ్గర చన్నీళ్ళు పోసుకునేవాడు. మా ఊరు వచ్చినా అంతే. తళి గాలి చలికాలంలో ఎలా కోస్తుందో తెలిసినవాళ్ళకే అది ఎంత పిచ్చిపనో అర్థమవుతుంది. నేను కంబళిలోంచి ముక్కు బయటపెట్టి చూసి మళ్ళీ దాచుకునేవాణ్ణి.

ఇంతవరకూ నవ్వులాటే. సంక్రాంతి దాటాక కృష్ణగిరి దగ్గరి పోచంపల్లి సంతలో గొర్రెల వ్యాపారం చేసే ఒకాయన తన కొడుక్కి రత్నమ్మను అడిగాడు. మర్యాదగలవాళ్ళు, పెద్ద మంద. మీ మేనల్లుడు స్వామి సొత్తు అయినాడు కదప్పా, బిడ్డను ఎన్నాళ్ళు పెట్టుకుంటారు అన్నాడు. మా నాయన అవ్వ వైపు చూశాడు. అవ్వ, స్వామి తీసుకున్నదాన్ని మనం అడగలేము అంది. మునేశ్వరుని జాతర అయిన మరునాడు తాంబూలాలు అనుకున్నారు.

ఆ శనివారం నేనే బస్టాండుకు పోయి బావకు చెప్పాను. ఆయన సంచి భుజాన వేసుకుని నడక మొదలుపెట్టాడు. పోనీ ఆ ఒట్టేదో గట్టున పెట్టి, ఎండాకాలంలో పెళ్ళి చేసుకోరాదా బావా అన్నాను. అప్పుడు ఆగి చెప్పిన మాట, ఆయన అన్న అన్ని మాటల్లో నాకు ఎగతాళి చెయ్యడానికి చేతకానిది అదొక్కటే.

"నేను తొడుక్కున్న చొక్కా మామది. తినేది మామది. చదివేది మామ దయ. పెండ్లి కూడా మీరు చేసేదే. నాది అని నేను పెట్టుకునింది ఇదొక్కటే కదప్పా మునిరాజా. దీన్నీ ఇడిచేస్తే నేను యాడ ఉండాను?"

రత్నమ్మకు ఈ మాట నేను మోసుకుపోయాను. అది వెంటనే తేల్చేసుకుందామంది. అయితే ఎదురుగా రాకూడదు, ముఖం చూడకూడదు. కాబట్టి ఆదివారం మధ్యాహ్నం దొడ్డి కంచెకు ఇటు రత్నమ్మ వీపు తిప్పుకుని నిలబడింది, అటు బావ వీపు తిప్పుకుని నిలబడ్డాడు, మధ్యలో నేను గొర్రెపిల్లను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. అన్నా, ఆయన్ని బాగుండారా అని అడుగు అని అది, బాగుండానని చెప్పు బామ్మర్దీ అని ఆయన. ఇద్దరి గొంతులూ నాకంటే బాగా ఒకరికొకరికి వినబడుతున్నాయి, నేను మాత్రం పోస్టుమానులాగా అటూ ఇటూ మోస్తున్నాను. రెండు మూడు మాటలయ్యాక దానికి విసుగు పుట్టింది.

"నువ్వు ఊరికే ఉండన్నా. బావా, నన్ను వద్దంటావా, ఇప్పుడొద్దంటావా?"

గొర్రెపిల్ల కూడా అరవలేదు. కంచె అవతలినుంచి గొంతు వచ్చింది.

"ఇప్పుడొద్దు."

"అట్లయితే నాకు చాలు," అంది రత్నమ్మ. నేరుగా అవ్వ దగ్గరికి పోయింది. అవ్వతో అది వాదించలేదు. బావది మొక్కు కాదని కూడా అనలేదు, అంటే వినదని దానికి తెలుసు. అవ్వా, మొక్కుబడి పొట్టేలని అందరూ అంటుండారు, మన పద్ధతిలో నీళ్ళు పోసి అడగకుండా స్వామి ఒప్పుకున్నాడని ఎట్లా అనుకుంటారు అంది. అవ్వ పొగాకు నములుతూ నములుతూ ఆగిపోయింది. ఆమె పెట్టిన రూలే అది. జాతరలో నీళ్ళు పోద్దాము, ఒళ్ళు విదిలించినాడంటే బతికినన్నాళ్ళూ గుడి కాడనే, కాలేజీ లేదు ఏమీ లేదు, విదిలించకుంటే మన పిల్లోడే, వాడి మాట వాడిది అని ఒప్పుకుంది.

జాతరనాడు మంచు ఇంకా దిగుతూనే ఉంది. సున్నం కొట్టిన మూడు రాళ్ళ ముందు ముందుగా ఒక పొట్టేలు నిలబడింది. నీళ్ళు పడీ పడకముందే జల్లుమని విదిలించి స్వామి దగ్గరికి పోయింది. దాని వెనకాల మా బావ, నడుముకు పంచె మాత్రం, ఆ పొడుగు జుట్టుతో. పోచంపల్లివాళ్ళు కూడా వచ్చి ముందు వరసలో కూర్చున్నారు, తాంబూలాల బుట్ట వెంట తెచ్చుకున్నారు. పూజారి మొదటి చెంబు నెత్తిన పోశాడు. బావ కదల్లేదు. కంబళి కప్పుకున్న నాకే వణుకు వచ్చింది. రెండో చెంబు అవ్వ పోసింది, వీపు మీద, సన్నగా, చాలాసేపు. పొట్టేలుకు అయితే అక్కడే పని అయిపోయేది. బావ రెప్పలు మూసుకుని, గడ్డం మీదినుంచి పసుపునీళ్ళు కారుతుంటే రాయిలాగా నిలబడ్డాడు. సేలం అన్న నేర్పిన ఆ బావినీళ్ళన్నీ ఆయన ఒంట్లో అప్పుడు పనికొచ్చాయి. వరసలో ఎవరో, మూడో చెంబు కట్టుకోబోయిన పిల్ల పోస్తే తెలుస్తుంది అన్నారు. నవ్వులు లేచాయి. అవ్వ చెంబు రత్నమ్మ చేతికిచ్చింది.

రత్నమ్మ తొందరపడలేదు. కాలివేళ్ళ మీద లేచి, జుట్టు పక్కకు తప్పించి, సరిగ్గా చెవి దగ్గర పోసింది. చెవిలో నీళ్ళు పడితే తల విదిలించని ప్రాణి ఈ భూమ్మీద లేదు. ఇది బావను వదిలించుకోవాలనే అనుకుందేమోనని సగం లేచి నిలబడ్డాను. బావ మెడ నరం ఒక్కటి ఉబ్బింది. దవడ బిగిసింది. అంతే. చెంబు ఖాళీ అయ్యేదాకా, చివరి బొట్టు రాలేదాకా ఆయన అలాగే ఉన్నాడు. ఆఖరికి పూజారి, స్వామి వద్దన్నాడప్పా, తోలుకపోండి అన్నాడు. పోచంపల్లి ఆయన కాసేపు తాంబూలాల బుట్ట వైపు చూసి, ఆకు ఒకటి తీసి తానే వేసుకున్నాడు. ఊరి మంగలి అక్కడికక్కడే కత్తెర తీశాడు. నువ్వు చెవిలో ఎందుకు పోసినావే అని రత్నమ్మను తర్వాత అడిగితే, రేపు ఎవురూ సందేహం అనకుండా పోసినానన్నా అంది.

ఆ తర్వాత అంతా మామూలే. బావ ఒట్టు బావదే అయింది. అదేమిటో ఇంట్లో ఎవ్వరికీ సరిగ్గా అర్థం కాలేదు, కానీ నీళ్ళు పోసి తేల్చుకున్న సంగతి కాబట్టి ఎవ్వరూ అడ్డం రాలేదు. ఆడవాళ్ళు మళ్ళీ ముందరికి వచ్చారు, చారు ఆకులో పడింది, కట్టెలూ మోశాడు. డిగ్రీ చేతికొచ్చాక ఆయనే మా నాయన ముందు నిలబడి రత్నమ్మను అడిగాడు, ఇంట్లో ఎవరూ చెప్పకుండానే. అవ్వ ఆ పెళ్ళి చూసే పోయింది.

ఇదంతా మొన్న ఆ భోజనాల బల్ల దగ్గర మనవడికి చెప్పాను. వాడు నమ్మలేదు. తాతకు నీళ్ళు పోశారా, అదేం మనుషులు తాతా అన్నాడు. ఆ మాటా నిజమే. వీడు ఒక్క వాక్యంతో తేల్చుకున్నదానికి మా వాళ్ళు ఒక జాతర చేశారు. కానీ ఒకటి, మా వాళ్ళు తప్పుగా అర్థం చేసుకున్నా, ముద్ద పక్కన పెట్టి విన్నారు. వీడి మాట సరిగ్గానే అర్థమయింది, బీన్స్ వేపుడు కూడా ఆగలేదు. ఏది మేలో నేను చెప్పలేను. బడి పూర్తి చేసినవాళ్ళు చెప్పాలి. అప్పుడు మనవడు తాత వైపు తిరిగి, అన్ని సంవత్సరాలు నిజంగానే ఉన్నారా, కష్టం కాలేదా అని అడిగాడు. బావ ఛాతీ కొంచెం ముందుకొచ్చింది. ఏదో పెద్దమాట చెప్పబోయాడు.

"ఉండినాడు," అంది రత్నమ్మ, ఖాళీ గిన్నెలు తీస్తూ. "నేనూ ఉంటిని కదా ఆ మూడేండ్లు. నన్నెవురన్నా అడిగినారా, ఏ దేవునికి మొక్కుకున్నావమ్మా అని?"

బల్ల చుట్టూ మొదటిసారి అందరి చేతులూ ఆగాయి. బావ ఛాతీ మళ్ళీ వెనక్కి పోయింది. రత్నమ్మ మూతి బిగించుకుని, చేతులు కడుక్కుని వచ్చి, పోతూ పోతూ తడిచేతిని బావ చెవి దగ్గర ఒక్క విదుపు విదిపింది.

డెబ్బై దాటిన మా బావ, నెత్తి నుంచి మోకాళ్ళ దాకా, కుర్చీ కిర్రుమనేలా, జల్లుమని ఒళ్ళు విదిలించాడు.